పాషా తడిపిన కుర్చీ

టర్కీలోని ఇజ్మీర్‌లో ఓ మేడ మూడో అంతస్తు. ముందుగదిలో పిల్లనడగడానికి వచ్చినవాళ్లు కూర్చున్నారు. వంటింట్లో నెర్మిన్ కాఫీ కాస్తుంటే వాళ్లమ్మ ముజెయ్యెన్ ఊడిపడి, తలుపు మూసింది.

"నువ్వే! నువ్వూ నీ దొంగ పిల్లీ కలిసి నా పరువు సముద్రంలో కలిపేశారు!"

"మెల్లగా అమ్మా! అవతల వింటారు."

"విననీ! పెళ్లికొడుకు నాన్న, ఆ పెద్దమనిషి హిక్మెత్ బే, తిన్నగా కిటికీ పక్క కుర్చీ దగ్గరికే నడిచాడు. ఆ కుర్చీ దగ్గరికే!"

"పొద్దున పాషా తడిపిన కుర్చీయా?"

"ఇంకే కుర్చీ? ఇంట్లో మంచి కుర్చీ అదొక్కటే. పెద్దవాళ్లని కూర్చోబెట్టేది అందులోనే. నీ పిల్లికీ అదే నచ్చింది మరి!"

"దిండు తిరగేశానుగా."

"తిరగేస్తే? అటుపక్క నిన్నటిది!"

"అయ్యో, ఆ సంగతి నాకు చెప్పలేదే!"

"లేసుగుడ్డ పరిచాను. లేసుగుడ్డకి ఎన్ని కన్నాలో నీకు తెలీదూ?"

"నన్ను నవ్వించకమ్మా, కాఫీ పొంగుతుంది."

"నవ్వు, నవ్వుకో! ఆయన కూర్చోవడం కళ్లారా చూళ్లేక ఇటు పారిపోయొచ్చాను. మీ నాన్న అక్కడ వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు. ఈపాటికి పెద్దాయనకి కింద వాతావరణం తెలిసే ఉంటుంది."

"అమ్మా!"

"అమ్మా లేదు, గిమ్మా లేదు. ఒట్టేసి చెబుతున్నా. వాళ్లు మెట్లు దిగగానే పాషా కూడా దిగాల్సిందే. మా అక్క ద్రాక్షతోటకి పంపేస్తా. ఎలకల్ని పట్టుకుని బతుకుతుంది."

"ఎలకని చూస్తే మంచం కిందికి దూరేవాడమ్మా వాడు! అక్కడ కుక్కలున్నాయి, వారం బతకడు. వాణ్ని పంపితే నేను ఈ కాఫీ పట్టుకెళ్లను. నువ్వే వెళ్లి కూర్చో, నిన్నే అడుగుతారు!"

"మొదలెట్టావూ? నీ పొగాకు ఫ్యాక్టరీ యూనియన్ బెదిరింపులు నా వంటింట్లో చెల్లవు."

"చెల్లుతాయి! వాడూ సమ్మెలోనే ఉన్నాడు. నాలుగేళ్లు పద్ధతిగా ఇసుక తొట్టిలో పోసుకున్నవాడు ఇవాళ కుర్చీ ఎందుకెక్కాడు? శిక్ష వేసేముందు ఒక్కళ్లయినా ఆ మాట అడిగారా? ఎప్పట్నుంచి ఇలా చేస్తున్నాడు?"

"వీళ్లు వస్తామని కబురు పెట్టిన దగ్గర్నుంచి."

"అప్పట్నుంచి ఇంట్లో ఏం మారింది?"

"ఏం మారలేదు. కర్టెన్లు ఉతికాను."

"ఇంకా?"

"కిటికీలు తుడిచాను. కాఫీ చూడు, కాఫీ చూడు!"

"చూస్తున్నా. ఆ తొట్టి ఎవరు ముట్టుకున్నారు?"

"ఛీ, దాన్నెవరు ముట్టుకుంటారు! కొంచెం కొలోన్యా సెంటు చల్లాను, అంతే."

"ఏ కొలోన్యా? ఇంటికొచ్చినవాళ్ల చేతుల్లో పోస్తామే, ఆ నిమ్మ కొలోన్యానా?"

"మరి? గుమ్మంలోనే పిల్లి కంపు కొడితే సంబంధం నిలుస్తుందా? మనుషులకి చేసే మర్యాదే పిల్లికీ చేశాను. అదీ తప్పేనా?"

"ఇసుకలోనా?"

"కొంచెమే."

"ఎంత కొంచెం?"

"సగం సీసా."

"ఒక్కసారేనా?"

"ఎక్కడ? రోజూ."

"అమ్మా! పిల్లి ముక్కుకి నిమ్మ వాసనంటే మనకి మిరప ఘాటులాంటిది! రోజూ వాడి తొట్టిలో మిరప్పొగ నువ్వే పెట్టి, బయట పోశాడని ఊళ్లోంచి వెలేస్తావా? దోషి వాడా, ఆ సీసానా?"

"నాకేం తెలుసే! మా అమ్మ దేనికైనా అదే పోసేది. తలనొప్పికి అదే, దోమ కుడితే అదే, మూర్ఛొస్తే అదే."

"అన్నిటికీ పనిచేస్తుందేమో గానీ మూత్రానికి మాత్రం కాదు!"

"ఉష్! ఎవరో వస్తున్నారు. ఆ ఉప్పు దాచు!"

"దాచడమెందుకు? పెళ్లికొడుకు కాఫీలో ఉప్పేస్తారని ఎవరికి తెలీదు? మొహం చిట్లించకుండా తాగితే ఓర్పున్నవాడని..."

"అయితే పెద్దాయన కాఫీలో చక్కెర రెండింతలు వెయ్యి, ఓర్పు ఆయనకి కావాలిప్పుడు! ఎవరూ? ఇల్హాన్, నువ్వా బాబూ? పెళ్లికొడుకు వంటింట్లోకి రావచ్చా ఎక్కడైనా?"

"తప్పేనండీ. ఒక్కమాట చెప్పి పోతా."

"మీ నాన్నగారు... ఏమన్నా అన్నారా?"

"నాన్నా? హాయిగా ఉన్నారు. సోఫా మెత్తగా ఉందన్నారు."

"సోఫానా? కుర్చీ కదూ?"

"సోఫాయే."

"ఇల్హాన్, గోడకి వీపు ఆనించి పీతలా పక్కకి నడుస్తున్నావేంటి?"

"అదే చెప్పడానికొచ్చా నెర్మిన్. మా ఇంట్లో మూడు పిల్లులు. కుర్చీ దగ్గరికి రాగానే ముక్కుకి అందింది. నాన్న కూర్చోబోతుంటే చెయ్యి పట్టుకుని సోఫావైపు తిప్పేసి నేను కూర్చున్నా. పెద్దాయన కుర్చీలో నువ్వా అని అమ్మ కళ్లతోనే చంపేస్తోంది."

"నా తండ్రే! వచ్చిన దగ్గర్నుంచీ దానిమీదే ఉన్నావా బాబూ?"

"దానిమీదే. తడి మీదే. మొహం చిట్లించలేదు."

"నెర్మిన్, ఆ ఉప్పు డబ్బా అవతల పారెయ్యి!"

"అది తర్వాత పారేద్దురుగానీ అత్తయ్యా, మీ ద్రాక్షతోట మాట గోడవతలకి వినపడింది. ముందు మామగారి ప్యాంటొకటి ఇటివ్వండి. ఆ తొట్టి కడిగి ఉత్త ఇసుక పొయ్యండి. మా నాన్న నెర్మిన్‌ని అడగడానికి గొంతు సవరించుకుంటున్నాడు. నేను పాషాని అడుగుతున్నా. ఇద్దర్నీ ఇస్తామని ఇప్పుడే, ఇక్కడే చెప్పండి!"