సున్నాను ఒప్పుకోని మాబెల్ గారు

1995 జూన్ 12వ తేదీన, వాన వెలిసిన ఒక సోమవారం ఉదయం, అబిడ్స్‌లోని మన పాఠశాలలో గణితోపాధ్యాయినిగా చేరిన శ్రీమతి మాబెల్ గారు ఈ మాసాంతాన పదవీ విరమణ చేయుచున్నారు. మెదక్‌లో పుట్టి, సికింద్రాబాదులో స్థిరపడిన ఆమెను అందరూ మితభాషిణి అంటారు. అన్యాయం ఎదురుపడనంతవరకే ఆ మాట నిజం.

ఆమె చేరిన రోజుల్లో ఏకచరరాశి సమీకరణాలంటే "ఐదును అటు పంపు, గుర్తు మార్చు" అని వల్లె వేయించడమే. మాబెల్ గారు ఆ మాటను తమ తరగతిలోకి రానివ్వలేదు. 3x + 5 = 20 అని రాసి, రెండు వైపులా ఐదు తీసివేయించి, మిగిలిన 3x = 15ను రెండు వైపులా మూడుతో భాగింపజేసి, ఐదు అనే విలువను పిల్లల నోటనే పలికించేవారు. సిలబస్ వెనకబడుతోందన్న ఫిర్యాదులను చిరునవ్వుతో వినేవారు గాని, పద్ధతి మార్చుకోలేదు.

2011లో ఆమె పదవ తరగతికి క్లాస్ టీచరుగా ఉన్నప్పుడు అసలు పరీక్ష ఎదురైంది. ప్రీఫైనల్‌లో తప్పిన పిల్లలను పబ్లిక్ పరీక్షకు పంపరాదనీ, నూటికి నూరు శాతం ఫలితాలు చెడరాదనీ అప్పటి యాజమాన్యం నిర్ణయించింది. బేగం బజార్‌లో గిన్నెల దుకాణం నడిపే విజయ గారి కుమార్తె మేఘన ఒకే ఒక్క లెక్క వలన తప్పింది. (2, 3), (4, 7) బిందువుల గుండా పోయే సరళరేఖ సమీకరణం కనుగొనమంటే, ఆ అమ్మాయి సూత్రం రాయలేదు. x రెండు పెరిగితే y నాలుగు పెరుగుతోంది, అంటే ఒకటికి రెండు చొప్పున; అలా వెనక్కి వస్తే x సున్నా అయిన చోట y రుణ ఒకటి; కనుక y = 2x − 1 అని తేల్చింది. దిద్దినవారు దానికి సున్నా వేశారు.

మేఘనను ఆపుటకు క్లాస్ టీచరు సంతకం అవసరమైంది. స్టాఫ్ సమావేశంలో ఆ కాగితం ముందుకు రాగా మాబెల్ గారు లేచి, ఆ లెక్కను బోర్డు మీద వేసి, రెండు బిందువులనూ సమీకరణంలో ప్రతిక్షేపించి చూపారు. రెండూ సరిపోయాయి.

"ఫార్ములా రాయలేదని సున్నా వేసిన్రు. జవాబు తప్పని ఎవరన్నా చూపెట్టిన్రా సార్?" అని అడిగారు.

ప్రధానోపాధ్యాయులు ఇంద్రసేన గారు ఇబ్బందిగా కదిలారు. "రూల్ గట్లుంది మేడం. మీరు సంతకం పెట్టకుంటే వచ్చే ఏడు పై తరగతులు మీకు ఇయ్యరు. జర సోంచాయించుండ్రి."

"కింది తరగతులకే పంపుండ్రి. గాడ కూడ లెక్కలే ఉంటయి గద."

ఆ సాయంత్రం రైలు కోసం నాంపల్లి స్టేషను దాకా నడుస్తూ ఆమె మనసు కుంగిన మాట వాస్తవం. పదవ తరగతి ఆమెకు ప్రాణం. అయినా సంతకం పెట్టలేదు. మేఘన పరీక్ష రాసి ఉత్తీర్ణురాలైంది. జూన్‌లో మాబెల్ గారు ఆరవ తరగతికి వెళ్లారు.

ఆమె తిరిగి పై తరగతులు కావాలని ఎన్నడూ అర్జీ పెట్టుకోలేదు. ఆమె చేతి పిల్లలే ఏటేటా పైకి వచ్చి, "గుర్తెందుకు మారుతది సార్?" అని అడుగుతుంటే ఇతరులు జవాబులు వెతుక్కోవలసి వచ్చింది. చివరకు ఇంద్రసేన గారే స్వయంగా ఆరవ తరగతి గదికి వచ్చి, పదవ తరగతి తీసుకొమ్మని కోరారు. సరైన దారి ఏదైనా పూర్తి మార్కులు వేయాలనీ, ఏ బిడ్డనూ పరీక్షకు ఆపరాదనీ ఆమె షరతులు పెట్టారు. రెండూ నేటికీ అమలులో ఉన్నాయి.

మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయాలన్న కొత్త ప్రతిపాదనను మొన్ననే ఆమె ఎదిరించారు. ఇక విశ్రాంతి తీసుకోరాదా అని ఒకరు అడుగగా, "రిటైరయ్యేది కొలువుకు, నోటికి గాదు" అన్నారు.

మాబెల్ గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవించాలనీ, ఆ గొంతు ఎన్నటికీ తగ్గకూడదనీ, ఆమె ఎదిరించదగిన తప్పిదాలు మేము చేసిన ప్రతిసారీ ఆమె తప్పక మన గడప తొక్కాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాము.