కళ్ళు ముయ్యని జోజి

కూకో జాక్సనూ, ఆ సాపల కట్ట మీదే కూకో, ఏటీ అవదు. పొద్దున్నుంచీ సూస్తన్నాను, ఫోను సెవికెట్టుకొని ఈ షెడ్డుకీ ఆ షెడ్డుకీ తిరుగుతానే ఉన్నావ్. సర్చి పిల్లల ఎండాకాలం కేంపుకి ఇంచార్జి అంటే మరి అంతే. నీళ్ళ టేంకు కడిగించినావు, ఫేన్లు బిగించినావు, జీడిచెట్ల కింద తుప్పలు కొట్టించినావు. బాగా సేసినావు, నాను కాదన్నానేటి. ఇంకేటి మిగిలినాదంటావా? అది సెప్దారనే ఈ ఎండలో మద్దిలపాలెంలో బస్సెక్కి ఇంత దూరం వచ్చినాను. సోమారం సాయంత్రం పిల్లలందర్నీ ఇసకలోకి తీసుకెళ్ళి, సముద్రం ఒడ్డున ప్రార్థనతో మొదలెడతామని గ్రూపులో ఎట్టినావు గదా. మా కోడలు సదివి ఇనిపించినాది. అప్పట్నుంచీ నాకు అన్నం సయించట్లేదు. ప్రార్థన వద్దంటానేటి, నాను పుట్టిందే సర్చి ఎనక ఈధిలో. అందరూ కళ్ళు మూసుకుంటారు గదా, మరి తెరుసుకొని ఎవడుంటాడు? ఆ ఒక్కటీ సెప్పు నాకు.

నవ్వుతన్నావా? నవ్వు. జోజిని సూసీ అలగే నవ్వీవోళ్ళు. ఏ జోజి అంటావేటి, కేంపుకి ఆడే పెద్ద దిక్కు. అవున్లే, ఆడి కేంపు రోజులకి నువ్వు పుట్టనేలేదు. జయమణి మొగుడు. పోర్టులో నాదీ ఆడిదీ ఒకటే గేంగు, ఓడ గట్టుకి ఆనుతున్నప్పుడు తాళ్ళు కట్టే పని. అవి మామూలు తాళ్ళు కాదు బాబూ, తెగితే మనిషి కాళ్ళు తీసుకుపోతాయి. మేస్త్రీ ఎంత తిట్టినా మేస్త్రీ మొహం సూడకూడదు, తాడే సూడాల. అలగ సూసీ సూసీ జోజి కళ్ళకి అదే అలవాటైపోనాది. ఏప్రిల్ నెల వచ్చిందంటే పోర్టులో సెలవెట్టీసి ఈ కేంపు మీద పడీవోడు. ముందు నన్ను పూర్ణా మార్కెట్టుకి లాక్కెళ్ళీవోడు, పిల్లలు నీళ్ళలో దిగినప్పుడు అడ్డం కట్టడానికి తాడు కొనాలని. సంతలో అందరి మధ్యనా తాడు సివర కాలి కింద తొక్కిపెట్టి, రెండో సివర భుజానికేసి గుంజీవోడు. షాపోడు, "ఓరి నాయనా, తాడు కొంటావా, నా కొట్టు కూలుస్తావా" అని మొత్తుకునీవోడు. నవ్వలేక సచ్చీవోణ్ణి. బావిలో బ్లీచింగ్ ఎయ్యడం, పాకలో మేకులేవైనా పైకి తేలినాయేమోనని అరిచేత్తో తడిమి సూడ్డం, అన్నీ ఆడే. ఏటీ? అవును, ఇప్పుడు బావి మూసీసినారు, మంచి పని సేసినారు.

అన్నింటికన్నా ఇంకోటుండేది ఆడికి. ప్రార్థన అనగానే అందరం తలొంచీవోళ్ళం గదా, ఆడు మాత్రం పాస్టరు గారికి ఈపు సూపించి, పిల్లల వైపు తిరిగి నిలబడిపోయీవోడు. కళ్ళు బార్లా తెరుసుకొని. పెదాలు కదుల్తానే ఉంటాయి, ఆడి ప్రార్థన ఆడిదే. ఓసారడిగినాను, ఏట్రా ఇదీ అని. "డేవిడ్ రాజు బావా, పిల్లలు కళ్ళు మూసుకుంటారనుకున్నావేటి? మనం మూసుకున్నామా లేదా అని ఓ కన్ను తెరిచి సూస్తారు. మనం మూసుకున్నామని తెలిసిందా, ఇంక ఆ కాళ్ళు ఊరుకుంటాయా" అన్నాడు. మన ప్రార్థనల సంగతి నీకు తెల్దా? ఒకలు మొదలెట్టినారంటే పొయ్యి మీద అన్నం ఉడికిపోతాది. అంతసేపూ సముద్రం పక్కనే ఉంటాది.

ఓ ఏడు ఎక్కణ్ణించో పెద్ద ప్రసంగీకుణ్ణి పిలిపించినారు. పేరెందుకులే, పోయిన మనిషి. గొంతు మాత్రం మైకక్కర్లేదు. మొదటి సాయంత్రమే, ఇసకలో, నువ్వు పెడతానన్న సోటే అనుకో. కళ్ళు మూసుకోండి పిల్లలూ అన్నాడు, జోజి అలవాటుగా ఎనక్కి తిరిగినాడు. ఆయన ఆగిపోయినాడు. "అక్కడ నిలబడిన సహోదరుడా! దేవుని ఎదుట కన్నులు మూయుటకు నీకేమి అడ్డము? చిన్నబిడ్డలకు నీవు నేర్పునది అవిశ్వాసమా?" అనీసినాడు, అందరి ముందునా. పిల్లలు కిసుక్కుమన్నారు. జోజి కూతురు దీనా ముందు వరసలో ఉన్నాది. ఆ పిల్ల తల దించీసుకుంది. ఆడు ఆయన్ని సూళ్ళేదు, ఆ పిల్లనే సూసినాడు. ఇటు తిరిగినాడు. సేతులు కట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆడు కళ్ళు మూసుకోవడం నాను మొదటిసారి సూసింది అప్పుడే.

ఆయన గొంతూ సముద్రం గోలా తప్ప ఇంకేటీ ఇనపళ్ళేదు. ఆయన దేశం కోసం, అధికారుల కోసం, అనాథల కోసం అన్నీ సేసి ఆమెన్ అన్నాడు. కళ్ళు తెరిచినాం. జోజి తెరుస్తూనే "గౌరీశ్వరేదీ?" అని కేకేసినాడు. గౌరీశ్వరంటే మా గేంగు గవర్రాజు కూతురు. ఆళ్ళు మన సర్చోళ్ళు కాదు, పాలకొండ వైపు రైతులు, పనికని ఇటొచ్చినోళ్ళు. ఆటలూ పాటలూ ఉంటాయని ఆ గుంట ఏడిసి సంపితే, తల్లి ఆదిలక్ష్మమ్మ "సముద్రం కాడికా, నాను పంపను" అన్నాది. జోజే ఎళ్ళి, "సెల్లీ, నా కళ్ళ ముందరే ఉంటాది" అని మాటిచ్చి తెచ్చినాడు. ఆ మాట ఇచ్చినోడు జాక్సనూ! ఆ కేక ఇప్పటికీ నా సెవిలో ఉన్నాది. కట్టిన తాడు తిన్నగానే ఉంది, పిల్ల తాడు కాడికి ఎల్లనే లేదు, గవ్వలేరుకుంటా అటు రాళ్ళేపు పోనాది. మేవందరం తలో దిక్కూ పరిగెడతన్నాం. ఆడోళ్ళు యేసయ్యా యేసయ్యా అని ఏడుపు. జోజి బట్టలతోటే నీళ్ళలో పడ్డాడు, అలలు ఎనక్కి తోసెస్తన్నాయి. ఆ రాళ్ళ కాడ వల బాగుసేసుకుంటన్న దాలయ్య సూడబట్టి సరిపోనాది గానీ, లేపోతే... దాలయ్య సంకనేసుకొచ్చి బోర్లా వేసి ఈపు మీద సరిసినాడు. నీళ్ళు కక్కి కెవ్వుమన్నాది. ఓలమ్మ, ఆ ఏడుపు అంత బాగుంటాదని ఎవడికి తెల్సు!

అప్పుడేటయ్యిందో తెల్సా? ప్రసంగీకుడు గారు సేతులు పైకెత్తి, "రండి, స్తోత్రం చెల్లిద్దాం, అందరూ కన్నులు మూసుకోండి" అన్నారు. అందరూ మళ్ళీ మూసీసుకున్నారు! అదే ఒడ్డున, అదే నీళ్ళ పక్కన! జోజి ఒక్కడే, తడిబట్టల్తో, ఆ పిల్లని భుజానేసుకొని, మిగిలిన పిల్లల సుట్టూ గొర్రెల కాపరిలాగ తిరుగుతా ఉండిపోనాడు. ఈసారెవరూ ఏటీ అన్లేదు. పిల్లని తీసుకెళ్ళి ఆదిలక్ష్మమ్మ కాళ్ళ మీద పడ్డాడట. జయమణి సెప్పినాది.

అక్కణ్ణించి ఆడు మరి కళ్ళు మూసింది లేదు. ఇంట్లో కంచం ముందు ప్రార్థనకీ మూసీవోడు కాదు. దీనా పెళ్ళి ఫొటో ఉన్నాది, సూడు ఎప్పుడైనా. అందరూ తలొంచుకొని దీవెనలో ఉంటే, ఆడొక్కడూ తిన్నగా కెమెరా కేసి సూస్తంటాడు. సివరికి ఆస్పత్రిలో... హుద్‌హుద్ తుఫానుకి ముందర మాట. ఆయాసం. పాస్టరు గారొచ్చినారు, మంచం సుట్టూ నిలబడ్డాం, ప్రార్థన మొదలెట్టినారు. నాను మూసుకునే ముందు సూసినాను, ఆడు మమ్మల్నందర్నీ ఒక్కొక్కళ్ళనీ సూసుకుంటా ఉన్నాడు. ఆమెన్ అనీసరికి అలాగే సూస్తన్నాడు, గానీ ఎల్లిపోయినాడు. మేవందరం కళ్ళు మూసుకునున్నాం గదా. ఏ క్షణాన పోనాడో ఎవరూ సూళ్ళేదు.

...ఆఁ? ఏటీ లేదు, దుమ్ము. ఎందుకు సెప్తన్నానంటే, మొన్న గౌరీశ్వరి ఫోన్ సేసినాది. స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో ఉంటాది. దాని కూతురు యశస్విని, సోమారం నీ కేంపుకే వస్తన్నాది. పంపుదామా మానేద్దామా అని దానికి బెంగ. "మావయ్యా, జోజి మావయ్య పని ఇప్పుడెవరు సేస్తన్నారు?" అన్నాది. కనుక్కొని సెప్తానన్నాను. నాను సేద్దును బాబూ, పరిగెత్తుకొచ్చి సేద్దును. శుక్లాలు. ఇక్కణ్ణుంచి నీ మొహమే నాకు అలుక్కుపోయినట్టుంది, గేటు తీసుందో మూసుందో తెల్దు. సీసీ కెమెరానా? కెమెరా పరిగెడతాదేటి? అందరం కలిసి సూసుకుంటాం అనకు, అందరూ అంటే ఎవడూ కాదు. ఒక్కడి పేరు సెప్పు. గౌరీశ్వరికి ఇయ్యాలే ఫోన్ సెయ్యాల నాను.

ఏటా గంట? పనికొచ్చినోళ్ళందర్నీ పోగేస్తన్నారా. ప్రార్థన సేసి భోజనాలా, సర్లే. ఇదిగో, ఆళ్ళ పిల్లలు కూడా వచ్చినట్టున్నారు గదా, గోల ఇనపడతంది. పట్టు, నన్ను లేవదియ్యి. ప్రార్థన నాను సేస్తాను, పొట్టిదే సేస్తాను. నువ్వు అటు తిరుగు. అటు కాదురా, పిల్లలేపు. తల దించకు. ఎవడేటన్నా అననీ... పరిశుద్ధుడవైన తండ్రీ... జాక్సనూ, తెరిచే ఉన్నాయా?