యంత్రం చూపిన మూల

పుంగనూరు దగ్గర స్వర్ణలత చేను. మదనపల్లె నుంచి బోరు లారీ వచ్చి నిలబడింది. నేలలో నీళ్ల జాడ చెప్పే యంత్రమున్న ఫోనుతో కుప్పం కంపెనీ శివకుమార్ ఒకవైపు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ల జాడ చూసే ముసలి శంకరప్ప ఇంకోవైపు, నడుమ ఆమె.

"రామసముద్రంలో నా అరచేతిలో టెంకాయ లేచి నిలబడి, గిర్రున తిరిగి, ఎగిరి పక్క చేన్లో పడింది శివకుమారూ. ఆడ బోరేస్తే నీళ్లు తాటిచెట్టంత లేచినాయి. నీ ఫోను యాడన్నా లేచిందా?"

"నీలాంటోళ్లు జనాన్ని ముంచింది సాలు శంకరప్పా. ఇంకో ఐదేండ్లు. భూమి కింద ఏముండాదో అంతా యంత్రానికి తెలిసిపోతాది. నమ్మినోళ్లు బాగుపడతారు, నమ్మనోళ్లు యెనకబడిపోతారు."

"ఒక సాములోరు కూడా మా ఊరికొచ్చి ఇట్లే సెప్పినాడు. ఆయప్ప దక్షిణ అడిగినాడు, నువ్వు ఫోను మీద వేలిముద్ర అడుగుతాండావు."

"నిన్నెవురు పిలిచినారు శంకరప్పా? నువ్వు సూపించిన రెండు బోర్లూ దుమ్మే కక్కినాయి. ఇదీ పోతే ఈ చేను అమ్ముకోవాల నేను. శివకుమార్ సారూ, ఆ మూలే కదా?"

"ఆ మూలే అమ్మా. నూటికి తొంభైనాలుగు పాళ్లు నీళ్లు పడతాయి."

"మిగతా ఆరు?"

"అది... ఊరికే, పద్ధతి కోసం అట్ల ఏస్తారు."

"నాదైతే నూటికి నూరు స్వర్ణలతా."

"టెంకాయ ఎగిరింది నిజమేనా? నా మొగం సూసి సెప్పు."

"ఎగర్లేదులేమ్మా. నేనే కాలు జారి పడినా, అది దొర్లుకుంటా పోయింది. నీళ్లు పడినాయి, మడమంత."

"సూసినావా అమ్మా, ఎంత నవ్వుతా సెప్తాండాడో. మా యంత్రానికి అబద్ధమే తెలీదు. ఈ మండలంలో ఏసిన బోర్లన్నీ దానికి నేర్పించినాం."

"ఎవుర్నడిగి నేర్పించినారు సారూ?"

"ఊర్లల్లో ముసలోళ్లను, పెద్దోళ్లను. మా ఆఫీసు యమున పోయినేడు ఊరూరా తిరిగి రాసుకొచ్చింది. మీ ఊర్లో ఇరవైరెండు బోర్లు, అన్నింట్లోనూ నీళ్లే."

"అన్నింట్లోనూనా? మరి నావి రెండు?"

"ఉండాయి... ఈడుండాయి. నీళ్లు పడినట్టే ఉండాది."

"అట్లని ఎవురు సెప్పినారు? పేరు సూడు."

"పేరు... అమ్మా, లారీవోళ్లు తొందర పడతాండారు. మొదలుపెట్టిద్దామా?"

"డ్రైవరన్నా, ఇంజన్ ఆపు. శంకరప్పా, యాడికి పోతాండావు? ఇట్ల తిరుగు."

"ఆ యమునమ్మ కాఫీ పోయించి, పెద్దాయనా పెద్దాయనా అని ఎంత మర్యాదగా అడిగిందో, నీకేం తెలుసు. బోర్లు యాడుండాయో అన్నీ నిజమే సెప్పినానమ్మా. నీళ్లు పడినాయనేదొక్కటే కల్పించినా."