ఆరు చీరల లెక్క

గద్వాల, 2006. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని బాలకిష్టయ్య. గడప మీద, డిగ్రీలో లెక్కలు చదువుతున్న మనవరాలు సాయిశ్రీ. ఆమె చేతిలో నేతగాళ్ల సంఘం పంపిన కాగితం.

“మల్ల సదువు బిడ్డా. రెండుసార్లు ఇంటె తిట్టు గూడ అలవాటైతది.”

“‘మీరు నేసిన ఆరు చీరల పొడవు కొలిచాము. సగటు 216 అంగుళాలు, ప్రామాణిక విచలనం 14. చేతిలో నిలకడ లేనందున వచ్చే నెల నుంచి పట్టు ఇవ్వలేము.’”

“పట్టు ఇయ్యకుంటె ఈ మగ్గం మీద వడియాలు ఎండబెట్టుకోవాలె. ఆ విచలనం ఏంది? ఆ పేరు పలికేలోపల రెండు పోగులు తెగుతయి.”

“చీరలు సగటుకు ఎంతెంత దూరం పోతున్నయో చెప్పే లెక్క తాతా. నువ్వు దినాం ఆరింటికి చాయ్ తాగుతవనుకో. ఒకనాడు ఐదు నిమిషాలు ముందు, ఒకనాడు ఎనక. అప్పుడు విచలనం చిన్నది.”

“మీ అవ్వ ఎప్పుడిస్తె అప్పుడు తాగుత.”

“అయితే పెద్దది.”

“ఆమె ముంగట అనకు.”

“జర ఆగు. ఈడ కింద ఆరు కొలతలు ఉన్నయి. అన్నింట్ల పొట్టిది 214, పొడుగుది 218.”

“అయితే?”

“ఏ చీర గూడ సగటుకు రెండంగుళాలు దాటి పోలె. మరి పద్నాలుగు యాడికెల్లి వచ్చె?”

“మేకలన్నీ దొడ్లనే ఉన్నయి, తప్పిపోయినయని దండోరా ఏసిండ్రంటవ్.”

“గంతే. నేను చేసి చూస్త... ఒకటి పాయింట్ నాలుగు. మధ్యల చుక్క ఇడిసిపెట్టిండ్రు తాతా. నిలకడ లేంది నీ చేతికి గాదు, రాసినోళ్ల పెన్నుకు.”

“మంచిది. ఇగ పో, సదువుకో.”

“గంతేనా? సంఘానికి చిట్టీ రాస్త, పట్టు ఆపొద్దని.”

“వద్దులే.”

“ఎందుకొద్దు? నలభై ఏండ్ల పేరు నీది.”

“వద్దంటి గద. లెక్క తప్పు. మాట తప్పు గాదు.”

“అంటే?”

“దసర కాడినుంచి చెయ్యి వణుకుతుంది బిడ్డా. చాయ్ గిలాస గూడ రెండు చేతులతోటి పడుతున్న.”

“మరి ఈ ఆరు చీరలు?”

“ఎవరన్న వస్తె నేను గుంతల కూసుంట. సంఘం బుక్కుల మొగోని పేరే ఉంటది గద.”

“అవ్వ కండెలకు పోగు చుట్టిస్తుంది, నువ్వే నేస్తున్నవనే అనుకున్న నేను.”

“అందరు గట్లనే అనుకుంటుండ్రు. నాకూ అదే బాగుండె.”

“తాతా, చిట్టీ రాయాల్నా వద్దా?”

“రాయి. ఆ చుక్క పెట్టి రాయి. పైన నా పేరు కొట్టేసి, మీ అవ్వ పేరు పెట్టు, జమ్ములమ్మ అని.”