సేటెడు తవుడు

పెంటమ్మకి సేట కనిపిస్తే సెయ్యి ఊరుకునేది కాదంట. మేదరోళ్లు కొత్త సేటలు అల్లి తెస్తారా, ఆడోళ్లు వాటికి కాగితాలూ మెంతులూ నానబెట్టి రుబ్బిన గుజ్జు అలికి ఎండబెడతారా, ఆ ఎండిన సేట పట్టుకొని తిన్నగా పెంటమ్మ ఇంటికే ఎల్లేవోళ్లంట. జేగురు, సున్నం, పసుపు మూడు పిడతల్లో కలుపుకొని, ఈతపుల్ల కొస నమిలి కుంచె సేసుకొని కూకున్నాదనుకో, ఇంక కూడు నేదు, నీళ్లు నేవు. ఎవులైనా నూకలిస్తే పుచ్చుకునేది, ఇవ్వకపోతే అడిగేది కాదు. అయితే ఎన్ని సేటలు గీసినా బొమ్మ ఒక్కటే. ఓ ఆడది ఈదిలో నడిసొస్తంటాది. రెండు సేతులూ ముందుకి సాపి సేట పట్టుకుంటాది. ఆ సేటలో ఏటీ ఉండదు. ఆడదానికి మొకం కూడా ఉండదు. కళ్లు నేవు, ముక్కు నేదు, ఉత్త గుండ్రం. నెమలి గియ్యవే అంటే సరే అనేది, తామరపువ్వు గియ్యవే అంటే సరే అనేది, గియ్యడం కాడికొచ్చేసరికి మళ్లీ ఆ ఆడదే.

ఊరోళ్లు ఊరుకుంటారా మరి? ఓలమ్మ, దీనికి పెళ్లి కానేదు, అందుకే ఈ ఎర్రి అని ఒకర్తి. కాదే, దీన్ని ఏదో పట్టుకున్నాది అని ఇంకోర్తి. బొమ్మ సూసి మురిసిపోయిందీ ఆళ్లే, ఆ సేటతో బియ్యం సెరుగుతూ దాన్ని ఆడిపోసుకుందీ ఆళ్లే. నాకు ఒళ్లు మండిపోతాది తల్లీ! పెంటమ్మకి నా అన్నోళ్లు ఒక్కర్తే, ముసిలి సన్నాసమ్మ. పెంచింది ఆవిడే. పెదమ్మా, నాకు ఎప్పుడూ ఇదే ఎందుకొస్తాదే అని ఒకపాలి అడిగితే, సన్నాసమ్మ పొయ్యి ఊదుకుంటూ, నాకేటి తెలుసే, నీ సెయ్యినే అడుగు అన్నాదంట.

ఇలా ఉండగా ఏటయ్యిందంటే, బుగత ఇంట మనవడు పుట్టినాడు. బుగత అంటే తెలుసు గదా, ఊరి భూమంతా ఆయనదే. పురుడు నాడు గుంటణ్ని కొత్త సేటలో పడుకోబెట్టాల. బుగతమ్మ మనిసిని పంపి, లచ్చిందేవిని గియ్యమను, ఆ దిక్కుమాలిన బొమ్మ గీసినాదంటే ఊరుకోను అని సెప్పించినాది. పాపం పెంటమ్మ నిజంగానే లచ్చిందేవినే గియ్యాలని కూకున్నాదంట. కిరీటం అనుకొని కొప్పు గీసినాది, తామరపువ్వు అనుకొని సేట గీసినాది. సూసుకునేసరికి మొకం నేని ఆడదే. సేసేదేటి, పట్టుకెల్లి ఇచ్చీసినాది. పురుడు తొందరలో బొమ్మ ఎవులూ సూడకుండానే గుంటణ్ని అందులో పడుకోబెట్టీసినారు. ఆ గుంటడికి ఆ సాయంత్రమే ఒళ్లు కాలిపోయినాది. పసిగుంటలకి జొరం రాదేటి? నీకు రానేదా, నాకు రానేదా? అయినా బుగతమ్మ కెవ్వున కేకేసి, మొకం నేని దయ్యాన్ని నా మనవడి కింద పరిసినాది, దాన్ని లాక్కురండి అన్నాది.

తెల్లారి రచ్చ కాడ ఊరంతా పోగయ్యినారు. ఎవులింట్లో సేటలు ఆళ్లు తెచ్చి కుప్ప పోసినారు. నిన్నటిదాకా మా సేట బాగుందంటే మా సేట బాగుందని కొట్టుకున్నోళ్లే, ఆళ్ల సేతుల్తోనే పోసినారు, సిగ్గునేకుండా! బుగత మీసం దువ్వుకుంటూ, సూడు పెంటీ, ఎందుకు గీస్తన్నావో సెప్పు, సెప్తే సరే, సెప్పనేకపోతే ఈటిని తగలెట్టి నువ్వు ఊరొదిలి పో అన్నాడు. పెంటమ్మ నిలబడీసినాది. ఏటని సెప్తాది? దానికే తెలీదు. బాబూ, నాకు తెలీదు బాబూ, సెయ్యి ఎల్తాది, అంతే అన్నాది. ఆ మాటకి నవ్వినారు! మీసం ఎందుకు దువ్వుతన్నావని బుగతని అడిగి సూడండి, ఆయన మాత్రం ఏటి సెప్తాడు? ఒకడు కాగడా కూడా ముట్టించీసినాడు.

అప్పుడొచ్చినాది సన్నాసమ్మ, కర్ర పొడుసుకుంటూ. ఆగండ్రా సచ్చినోళ్లారా, అది కాదు, నాను సెప్తాను అన్నాది. దీనికి పెంటమ్మని పేరెందుకొచ్చిందో ఎవులైనా అడిగినారా? దీనమ్మకి పుట్టిన గుంటలు పుట్టినట్టే పోతంటే, దీన్ని సేటలో ఏసి పెంటకుప్ప మీద పెట్టినాము. ఎవులికీ అక్కర్నేని గుంటనుకొని దేవుడు తీసుకుపోకుండా ఒగ్గీస్తాడని. నాను ఎత్తుకున్నాను. తల్లి సేటెడు తవుడు నా ఒళ్లో పోసి కొనుక్కోవాల. కొనుక్కుంటే తవిటమ్మని పేరు. మనూర్లో ఎంతమంది తవిటమ్మలు, తవిటయ్యలు నేరు! మరి ఆ ఇంట్లో గింజే నేదు, తవుడు ఎక్కడిది? ఖాళీ సేట పట్టుకొని పచ్చి బాలింత నీ ఇంటికే వచ్చినాది బుగతమ్మా! నువ్వేటన్నావు? పురిటి మనిసివి నా గుమ్మం తొక్కుతావా, తవుడు నా గేదెలకే సాలట్లేదు అన్నావా నేదా? దాన్ని ఎండలో నిలబెట్టినావా నేదా? ఉత్త సేటతోటే ఎనక్కొచ్చి, నా ఇంటి మలుపు కాడ పడిపోయినాది, మరి లెగనేదు. గుంట ఏడిస్తే నాను ఏటి సెప్పీదాన్ని? ఊరుకోయే, అదిగో మీయమ్మ సేట పట్టుకొని వస్తందే, నిన్ను కొనుక్కుంటాదే అని జోకొట్టీదాన్ని. మాటలు రాకముందు నుంచీ అదే ఇన్నాది. మొకం ఎలా గీస్తాది? ఎప్పుడు సూసినాది గనక?

బుగతమ్మ తల దించుకున్నాది. పెంటమ్మ ఏడవనేదంట. కుప్పలో తను గీసిన సేట ఒకటి తీసి, ఆ బొమ్మని అలా సూసి సూసి, పెదమ్మా, నాకెందుకు సెప్పనేదే అన్నాది. ఎలా సెప్పనే, నువ్వు సేటెడు తవుడుకి కూడా నోసుకోనేదని నా నోటితో ఎలా సెప్పనే అని ముసిల్ది బావురుమన్నాది. పెంటమ్మ ఆ సేట పట్టుకొని, సరిగ్గా బొమ్మలో ఆడది నడిసినట్టే రెండు సేతులూ సాపి, బుగత ఇంటికి నడిసినాది. ఊరంతా ఎనకాలే. తిన్నగా గుమ్మం తొక్కి, ఎనకే వచ్చిన బుగతమ్మ ముందు సేట సాపి, తవుడు పెట్టు అన్నాది. తల్లీ అననేదు, దండం పెట్టనేదు. బుగతమ్మ తెచ్చి నిండా పోసినాది. పెంటమ్మ పెంటకుప్ప కాడికెల్లి, సన్నాసమ్మని కూకోబెట్టి ఒళ్లో తవుడు పోసి, పెదమ్మా, నీ కాడ ఓ గుంట ఉండిపోయినాది, కొనుక్కోడానికొచ్చినాను అన్నాది. ముసిల్ది ఆ తవుడుని ఒళ్లోనే పొదివి పట్టుకున్నాది. అమ్మీస్తే నాకెవులున్నారే అన్నాదంట. కొనుక్కున్న గుంటని ఎక్కడ పెట్టుకోను, నీ ఇంట్లోనే గదా అన్నాది. ఆనాటి నుంచీ అది తవిటమ్మే. పెంటీ అని పిలిస్తే ఎనక్కి తిరిగి సూడనేదు.

గుంటడి జొరం ఏటయ్యిందంటారా? దిగిపోయినాది, దిగదేటి, జొరమన్నాక! తవిటమ్మ మళ్లీ సేటలు గీసిందా అంటారా? గీసినాది. ఆ ఆడదే. కాకపోతే సేట నిండా పసుపు సుక్కలు, మొకానికి కళ్లు, ముక్కు, నోరు. ఆ మొకం తవిటమ్మదే. ఇంకా ఎందుకు గీస్తన్నావే, తెలిసిపోయినాది గదా అని మళ్లీ అడిగినారంట ఆ ఊరోళ్లు, బుద్ధుండాల! సూసినారా మరి, బొమ్మ గీసినదాన్ని ఎందుకు గీసినావని రచ్చకీడ్చి అడిగినారు. తవుడు ఎందుకు పెట్టనేదే అని బుగతమ్మని మాత్రం ఆనాడూ అడగనేదు, ఆ తర్వాతా ఒక్కడూ అడగనేదు. నాను అడుగుతన్నాను. ఇంటన్నారా?