వెనక కుర్చీలో మనిషి

సాయంత్రం ఏడు కావస్తోంది. పాత స్కూలు వెనక గేటు దగ్గర ఒక అక్కా, ఆమె తమ్ముడూ పావుగంటగా పోట్లాడుకుంటున్నారు.

"ఇది కాదక్కా. చెప్తున్నాగా, ఇది కాదు."

"ఇదే. స్కూలు వెనక గేటు, మేడమీద చివరి గది. మీ బావ చేతికి కట్టు మార్పించడానికి వెళ్ళినప్పుడు ఆసుపత్రి గోడ మీద చూసి రాసుకొచ్చా. తాగుడు మానాలనుకునేవాళ్ళ మీటింగు. నడు."

"ఇవాళ ఉండదేమో."

"మంగళవారం అని రాసుంది. ఇవాళ మంగళవారం. ఇంకేం చెప్తావో చెప్పు."

"నాకు పనుంది."

"ఏం పనిరా? లిఫ్టు కంపెనీవాళ్ళు గెంటేసి నెల దాటింది. పనుందట, పని!"

"అరవకు. ఎవరైనా వింటారు."

"విననీ! తాగి పనిలోకి వెళ్ళినప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా? మీ బావ లిఫ్టు మోటారులో చెయ్యి పెట్టి ఉంటే స్విచ్చి వేస్తావా? రెండు వేళ్ళు పోయాయిరా. కుడిచేతివి. ఇప్పుడు ఆయన చొక్కా బొత్తాలు నేను పెడుతున్నా."

"తెలుసు."

"ఏం తెలుసు? స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే మోటారు ముట్టుకోవాలి. ఇంట్లో కూర్చునేదాన్ని, నాకే తెలుసు ఆ సంగతి!"

"చెయ్యి పెట్టేవాడే వెయ్యాలి ఆ తాళం."

"అంటే? తప్పు ఆయనదంటావా?"

"నేనేం అనలేదు."

"అనలేవు. ఇవాళ లోపలికి రాకపోతే ఇక నా గుమ్మం తొక్కకు. నాకు తమ్ముడు లేడనుకుంటా."

"అంత మాటనకు."

"అంటా. ఎక్కు మెట్లు."

"సరే, పద. మూడో మెట్టు విరిగింది, చూసి కాలెయ్యి."

"నీకెలా తెలుసు?"

"కనిపిస్తోందిగా."

"ఇంత చీకట్లోనా?"

"ఎక్కమన్నావుగా. పద."

మేడమీద చివరి గది. గుమ్మంలో తల నెరిసిన మనిషి ఒకాయన కుర్చీలు సర్దుతున్నాడు.

"రా బాబూ, రా! టీ ఇప్పుడే పెట్టా. ఏమ్మా, మీరేనా? సంతోషం. ఇంట్లో మనిషికి అలవాటుంది అంటే మగమనిషే అనుకున్నా, నా బుర్ర తగలెయ్య! సిగ్గుపడకండి. పదకొండేళ్ళ కిందట మా ఆవిడ నన్నూ ఇలాగే ఈడ్చుకొచ్చింది. తాగి బస్సు నడిపేవాణ్ణమ్మా, వెనకాల నలభై మందిని కూర్చోబెట్టుకుని."

"నేనా? నేను తాగుతానా? ఏరా, ఏం చెప్పావురా ఈయనకి?"

"నీ గురించి కాదక్కా."

"మీరు కాదా? అయ్యో. మరి ఆ మనిషేడి బాబూ? రెండు వారాలు వెనక కుర్చీలో కూర్చున్నావు. నేను తాగను, తాగే మనిషిని ఇక్కడికెలా తేవాలో చెప్పండి అన్నావు... ఇదిగో, ఇదే నాతో వచ్చిన చిక్కు. ఇక్కడి మాట బయటపెట్టొద్దని అందరికీ చెప్పేది నేనే. టీ పొంగుతోంది, చూసొస్తా."

"ఏ మనిషిరా?"

"వదిలెయ్."

"నీళ్ళు నమలకు. ఏ మనిషి?"

"ఇంట్లో ఇంకెంతమంది ఉన్నారక్కా?"

"చెంప పగులుద్ది! ఆ రోజు నీ దగ్గర మందు వాసన గుప్పుమంది. ఆసుపత్రి వరండాలో నీ పక్కన నిలబడలేకపోయా."

"కావాలనే గుప్పుమనేలా చేసుకున్నా. అరుపు విని నేను పైన మోటారు గదికి పరిగెత్తేసరికి బావ నేల మీదున్నాడు. స్విచ్చి వేసింది ఆయనే, మర్చిపోయి చెయ్యి పెట్టిందీ ఆయనే. తాగున్నాడని తెలిస్తే కంపెనీ వైద్యం చేయించదు, ఉద్యోగం ఉంచదు. పిల్లలు కళ్ళముందు మెదిలారు. పక్కన ఫ్లాస్కులో కొంచెం మిగిలుంది. నోట్లో పోసుకున్నా, చొక్కా మీద పోసుకున్నా. ఆ రక్తంలో, ఆ గొడవలో వాసన ఎవరిదని ఎవడు చూస్తాడు?"

"మరి ఆయన కూడా నువ్వే వేశావన్నారే?"

"నేనే అనమన్నా. అన్నాడు. నెల నుంచీ అంటూనే ఉన్నాడు."

"అబద్ధం. ఆయన అంత తాగరు."

"ఎంత తాగడు?"

"అంత తాగరు అన్నానుగా!"

"అదే, ఎంత? ఎంత తాగడక్కా?"

"నన్ను నిలదీస్తావేంట్రా?"

"నిలదీస్తా! నెల రోజులు నన్ను కుక్కని తిట్టినట్టు తిట్టావు. పిల్లల్ని నా దగ్గరికి రానివ్వలేదు. పడ్డాను. ఇక నావల్ల కాదు. ఇప్పటికీ పొద్దున్నే ఆయన దగ్గర వాసనొస్తోంది. ఆ చేత్తో దుకాణానికి వెళ్ళలేడు, నీతో ఆసుపత్రికి తప్ప గుమ్మం దాటడు. మరి ఎవడు తెచ్చి పోస్తున్నాడు? వాడు గనక నాకు దొరికితే చెప్పు తీసుకుని కొడతా."

"ఏ ఫ్లాస్కురా అది?"

"ఏదైతేనేం?"

"చెప్పరా."

"ఆకుపచ్చది. మూత దగ్గర సొట్ట."

"ఇదిగోండమ్మా, టీ. మొదలుపెట్టేస్తున్నాం. కూర్చుంటారా, ఇంటికెళ్ళి ఆ మనిషిని తీసుకొస్తారా?"

"కూర్చుంటానండీ. ఒరే, చెప్పు తియ్యరా. చేతులు వణికితే పనెలా చేస్తారని, రోజూ పొద్దున్నే గ్లాసుతో కొలిచి ఆ ఫ్లాస్కులో పోసిచ్చింది నేనే."