పదిహేడుమంది దుబాసీలు

టీ కొట్టు బెంచీ ఎక్కితే మెగాబైట్ మావయ్య నోటికి తాళం ఉండదు. పక్క కొట్లోనే ప్రింటర్లు బాగుచేస్తాడు. లెక్కల టీచరమ్మ తన పాత కంప్యూటర్ ఆయనకు అప్పగించి రెండు నెలలైంది. పోయిన భర్త ఆవిడ కోసం ఏదో ప్రోగ్రామ్ రాసి క్యాసెట్లో దాచాడట, ఒక్కసారి నడిపించి చూపించమంది.

"ఆవిడ పని ఏమైంది మావయ్యా?" అన్నాడు టైలరు.

నిజానికి ఆ పెట్టె ముట్టుకోవాలంటేనే మావయ్యకు దడ. కానీ నలుగురిలో ఆ మాట ఎలా చెప్పేది?

"ఎప్పుడో అయిపోయింది! కంప్యూటరుకి మన రాత అర్థం కావాలంటే మధ్యలో ఇంటర్‌ప్రెటర్ ఉండాలి, అంటే దుబాసీ అన్నమాట. పాత సామాన్ల కొట్లో బస్తా దులిపితే, బేసిక్ అని ఒక కంప్యూటర్ భాషుంది, దాని దుబాసీ ఉన్న ఫ్లాపీ దొరికింది."

"ఒక్కటేనా?"

"ఒక్కటేమిటోయ్! దాని కింద లోగో, దాని కింద ఫోర్త్, ఇంకా కింద లిస్ప్, ఇలా భాషకో దుబాసీ, మొత్తం పదిహేడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అందర్నీ ఒకేసారి ఎక్కించా. లోపల ఒకళ్ల మాట ఒకళ్లకు పడక జుట్లు పట్టుకున్నారు. మూత తీసి ఒక్క కసురు కసిరితే గప్‌చుప్! అందులో ఒక ఫ్లాపీని సగం చెదలు తినేశాయి..."

"చెదలు ఫ్లాపీని తింటాయా?" అన్నాడు టీ వడగడుతూ కొట్టాయన.

"దీన్ని తిన్నాయి! పోయిన సగం కళ్లు మూసుకుని నేనే రాసేశా. అప్పట్నుంచి అది నా దగ్గు విన్నా పనిచేస్తుంది. మొన్న గట్టిగా తుమ్మితే రేవులో ఆగిపోయిన ఓడ కదిలింది, కెప్టెన్ స్వయంగా ఫోన్ చేసి..."

"కెప్టెన్ సంగతి సరే నాయనా," అంది వెనక నుంచి టీచరమ్మ. "ఇప్పుడే నీ కొట్లోకి తొంగిచూసి వస్తున్నా. పెట్టెకి నేను వేసిన తాడు ముడి అలాగే ఉంది. విప్పకుండా పదిహేడుమందినీ ఎలా ఎక్కించావు?"

మావయ్యకు టీ పొలమారింది. "భయమేసిందమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నా చేతిలో పాడైతే, ఆయన రాసింది మళ్లీ ఎక్కణ్ణించి తేను?"

ఆవిడ కోప్పడలేదు. "బేసిక్ దుబాసీ దాని కడుపులోనే ఉంటుందని మా ఆయన వందసార్లు చెప్పారు. పద."

అందరూ కదిలారు. ముడి విప్పి, టీవీకి తగిలించి, స్విచ్ వేయగానే తెర నీలంగా వెలిగింది. టేప్‌రికార్డర్లో క్యాసెట్ గురగురమని చాలాసేపు తిరిగింది. చివరికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు వచ్చాయి: 'టీచరు గారూ, పదమూడు పదిహేళ్లెంత? తప్పితే ఇవాళ వంట మీదే.'

ఆవిడ నవ్వింది, కళ్లు తుడుచుకుంది, రెండు వందల ఇరవై ఒకటి అని కొట్టింది. 'అయితే వంట నాదే' అంది మెషీన్.

ముందుగా తేరుకున్నది మావయ్యే. "చూశారా, నా కొట్లో రెండు నెలలు నానబట్టే!" అంటూ కీబోర్డు ముందుకు లాక్కుని, ఒంటివేలితో 'దీన్ని బాగుచేసింది నేనే' అని కొట్టాడు.

మెషీన్ కీచుమంది. తెర మీద 'సింటాక్స్ ఎర్రర్' అని పడింది.

"ఏమంటోందమ్మా?" అన్నాడు టైలరు.

"ఈ మాట చెల్లదంటోంది," అంది టీచరమ్మ.

"పదేళ్లుగా టీ పోస్తున్నా, ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు," అన్నాడు కొట్టాయన. "అది మొదటి మాటకే అనేసింది."